ఆ రాత్రి ఉన్న మనిషి

తలుపు మీద ఎర్ర రంగు ఇంకా ఆరలేదు. జొన్నచొప్ప మోపుతో గుమ్మం దాటబోతుంటే గాలియా మోచెయ్యి తగిలి అంకెకి తోక సాగింది. చేతికంటిన రంగును గోడకు తుడుచుకుని, మోపును కొట్టంలో పడేసి, ఆవు ముందు గొంతుక్కూచుంది.

ఆవు తనంతట తాను మేయదు. ఈ కొండల్లో ఏ ఆవూ మేయదు. చొప్పదంటు చీల్చాలి, మధ్యలో నాలుగు పచ్చగడ్డి పరకలు పెట్టాలి, ఉండలా చుట్టి నోటికి అందించాలి. పైన పచ్చ వాసన తగిలితేనే లోపలి ఎండుచొప్ప నములుతుంది. మనిషికి దొరకని మర్యాద అది.

మెట్ల మీద కూతురు హూరియ్యా కూచుని చొప్ప చీలుస్తోంది. పొట్ట మోకాళ్ళకు అడ్డమొచ్చి చేతులు చాచి పని చేయాల్సివస్తోంది.

"వద్దంటే వినవేం? వెళ్ళి పడుకో."

"పడుకుంటే కాళ్ళు లాగుతున్నాయమ్మా. జనాభా లెక్కలాయన తలుపు మీద అంకె వేశాడుగా, మనల్ని రాసుకున్నట్టేనా?"

"అంకె ఇంటికి. మనుషుల్ని రేపు రాస్తారంట, ఊరిపెద్ద ఆఖిల్ ఇంట్లో కూచుని."

"ఇళ్ళకి రాడా?"

"ఎట్లా వస్తాడే? ఇళ్ళల్లో ఆడవాళ్ళుంటారుగా."

హూరియ్యా నవ్వింది. "ఆడవాళ్ళున్నారని ఇళ్ళకి రాడు. ఇళ్ళకి రాడు గనక ఆడవాళ్ళు ఉండరు. బాగుంది లెక్క."

గాలియాకి నవ్వు రాలేదు. కిందటిసారి లెక్క ఆమెకు గుర్తే. జరఫ్ ఊరూ, దాని చుట్టూ కొండ మీదున్న పల్లెలూ కలిపి ఐదు వేలమంది తేలితే మంత్రసాని ఉండే ఆసుపత్రి ఇస్తామన్నారు. తేలలేదు. కాగితం మీద ప్రతి ఇంట్లో నలుగురేసి మగాళ్ళు, ఊరు మొత్తానికి పిడికెడు ఆడవాళ్ళు. మగాళ్ళంతా కొండరాళ్ళలోంచి ఊడిపడ్డట్టు. ఆసుపత్రి వాగవతలికి, మర్దమ్ దగ్గరి గురువారం సంతకి పోయింది. వాగవతల అంటే వేరే జిల్లా. ఇక్కణ్ణుంచి కేకేస్తే వినపడుతుంది.

రాత్రి సంకటిలో గుంట చేసి పులుసు పోస్తూ గాలియా మొగుణ్ణి అడిగింది. "రేపు పిల్లని రాయిస్తావుగా?"

ముహ్సిన్ వేళ్ళతో సంకటి తుంచుతూ ఆగాడు. "ఏమని రాయించమంటావు అలీ వాళ్ళమ్మా? నా ఇంట్లో ఉందనా? అందరి ముందూ?"

"ఉంది కాబట్టి ఉందని."

"అల్లుడు దూరదేశంలో ఉన్నాడు, సరే. వాళ్ళ నాన్న ఖాయిద్ తప్పు కింద పొట్టేలు పట్టుకొచ్చాడా? నా గడప తొక్కి, తప్పైంది, కోడల్ని పంపమని అడిగాడా? అలిగొచ్చిన పిల్లని అడగడానికి ఒక్కడూ రాలేదని నాకు నేనే చాటింపు వేసుకోవాలా?"

హూరియ్యా పళ్ళెంలోంచి తలెత్తలేదు. "నేను అలిగి రాలేదు నాన్నా. అత్తింట్లో గడ్డిమోపుతో గట్టు మీంచి పడి వచ్చాను."

"ఎట్లా వచ్చినా వచ్చినట్టే. ఊరు ఒకటే పేరు పెడుతుంది."

"పేరా? ఊరు నాకు పేరెప్పుడు పెట్టింది నాన్నా?"

ముహ్సిన్ కోపం తెచ్చుకోబోయాడు గానీ కూతురు మెత్తగా నవ్వుతోంది. తన పళ్ళెంలో ఉన్న మాంసం ముక్క తీసి ఆమె పళ్ళెంలో వేశాడు. కూతురంటే ప్రాణం అతనికి, కాదనడానికి లేదు. నాలుగు గోడల మధ్య ఎంత ప్రేమైనా చూపిస్తాడు. గడప దాటేదాకానే అదంతా.

*

ఆఖిల్ హిజామ్ ఇంటి చావిడి ఊరికంతటికీ పెద్దది. మర్నాడు మధ్యాహ్నానికి మగాళ్ళంతా గోడల వెంట దిండ్లకానుకుని, బుగ్గల్లో మత్తెక్కించే ఖాత్ ఆకు కుక్కుకుని కూచున్నారు. మధ్యలో జనాభా లెక్కలు రాసే మునీఫ్ మాస్టారు. సముద్రం వైపు మైదానం మనిషి, కొండ చలికి అలవాటు లేక దుప్పటి కప్పుకున్నాడు. తెర వెనక ఆడవాళ్ళు కాఫీపొట్టు, అల్లం వేసి మరిగించిన కషాయం పోస్తున్నారు. గాలియా చేతిలో ఇత్తడి కూజా ఉంది.

"మొన్న రాత్రి కాదు, రేపు కాదు. నిన్న రాత్రి," అంటున్నాడు మాస్టారు. "నిన్న అర్ధరాత్రికి ఊపిరితో ఎవరు ఏ ఇంట్లో ఉంటే వాళ్ళని ఆ ఇంట్లో రాయాలి. ఆ తర్వాత పుట్టినవాళ్ళు లేనట్టు. ఆ తర్వాత పోయినవాళ్ళు ఉన్నట్టు."

"చచ్చినోళ్ళు ఉన్నట్టా? మీ ప్రభుత్వం మంచిదయ్యా, మనిషిని ఊరికే పోనివ్వదు!" అన్నాడెవడో. చావిడంతా నవ్వింది.

"నవ్వుతాలు కాదు పెద్దాయనా. మీ ఇంటితో మొదలుపెడదాం. మగాళ్ళు?"

"నలుగురు."

"ఆడవాళ్ళు?"

"ఇల్లుంది."

"ఇల్లంటే?"

"ఇల్లంటే ఇల్లేనయ్యా. నీకు ఇల్లు లేదా?"

"పేరు చెప్పండి."

"పేరెందుకు? సంబంధం తెచ్చావా ఏంటి?"

మళ్ళీ నవ్వులు. పరాయివాడి ముందు పెళ్ళాన్ని ఇల్లనే అంటారు ఆ ఊళ్ళో. మాస్టారు కలంతో తల గోక్కున్నాడు. "పేరు చెప్పకపోతే పోనీ. ఎంతమందో అదన్నా నిజం చెప్పండి. ఐదు వేలు తేలకపోతే ఈసారీ ఆసుపత్రి రాదు. నేను చెప్పాల్సింది చెప్పాను."

ఆఖిల్ హిజామ్ బుగ్గలోని ఆకును నాలుకతో ఒక పక్కకి తోసుకుని అన్నాడు. "తేలుతుందిలే మాస్టారూ. మగాళ్ళం చాలమా ఏంటి?"

చాలరని కిందటిసారే తేలింది. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. తెలిసి కూడా పెళ్ళాం పేరు పరాయివాడి చెవిన పడటం కంటే, ఆ పెళ్ళాం కాన్పులో కాళ్ళు కొట్టుకోవడమే నయమని వాళ్ళ లెక్క. అలాగని బయటికి ఎవడూ అనడు. అనాల్సిన పని కూడా లేదు.

వంతు ముహ్సిన్ దగ్గరికి వచ్చింది.

"ఇంట్లో ఎవరెవరు?"

"నేను. కొడుకు అలీ, తాయిజ్‌లో సిపాయి."

"అతన్ని అక్కడ రాస్తారు. ఇంకా?"

"ఇల్లు."

"ఆడపిల్లలు?"

ముహ్సిన్ ఆకు ఏరుకుంటున్నట్టు తల దించాడు. పక్కనున్న దిర్హమ్ అనేవాడు మోచేత్తో పొడిచాడు. "ఏం ముహ్సిన్, కూతురొచ్చిందని విన్నాం. పొట్టేలు ఇంకా దారిలోనే ఉందా? కుంటిదేమో పాపం!"

నవ్వు ముందు మెల్లగా మొదలై గది చుట్టూ తిరిగింది. ముహ్సిన్ మెడ నరం ఉబ్బింది.

"నా కూతురు మొగుడింట్లో ఉంది. వాగవతల, మర్దమ్‌లో. ఆ జిల్లా వాళ్ళు రాసుకుంటారు."

మాస్టారు కలం కాగితం మీద పెట్టబోయి ఆగాడు. చావిడి కిటికీ తెరిచే ఉంది. ఎదురుగా ముహ్సిన్ ఇంటి మిద్దె. మిద్దె మీద హూరియ్యా పుట్టబోయే బిడ్డ కోసం పాత దుప్పటి చింపి చేసిన పొత్తిగుడ్డలు ఆరేస్తోంది. ఎండ ఆమె వెనక నుంచి పడుతోంది. పొట్ట ఆకారం ఇక్కడికి తెలుస్తోంది.

"మరి ఆ మిద్దె మీద...?" అన్నాడు మాస్టారు.

గదిలో ఉన్న కళ్ళన్నీ కిటికీలోంచి ఒకసారి చూసి వెనక్కి వచ్చేశాయి. దిర్హమ్ కూడా నోరు మూసుకున్నాడు. ఎగతాళికి హద్దుంటుంది. ఒక మగాడి మాట నలుగురిలో అబద్ధం చేయడం ఆ హద్దు దాటడమే.

"ఎవరూ లేరు," అన్నాడు ముహ్సిన్. "గాలికి గుడ్డలు ఊగుతున్నాయి."

తెర వెనక గాలియా చేతిలో కూజాతోనే ముందుకు వచ్చింది. నోరు తెరిచింది. ఆఖిల్ పెళ్ళాం ఆమె మణికట్టు పట్టుకుని నొక్కింది. "వద్దు గాలియా. నీ మొగుడు తలెత్తుకోలేడు." ఆ నొక్కుడుకి చెయ్యి నొప్పెట్టి గాలియా నోరు మూసుకుంది. కషాయం ఒలికి పాదం మీద పడింది. కాలింది. కదలలేదు.

మాస్టారు ఒక గీత గీసి తర్వాతి మనిషిని అడిగాడు.

*

మర్నాడు తెల్లారేసరికి హూరియ్యాకి నొప్పులు మొదలయ్యాయి. ముసలి తఖియ్యా వచ్చి చేతులకు నూనె రాసుకుని పొట్ట తడిమింది. ఊళ్ళో సగంమంది ఆ చేతుల్లోనే పుట్టారు. చాలాసేపు తడిమి, చేతులు కడుక్కోకుండానే గాలియాని గది బయటికి లాక్కొచ్చింది.

"అడ్డం తిరిగుంది. నా వల్ల కాదు. అవతలికి దించండి. ఇప్పుడే."

మంచం తెచ్చారు. నులక మంచానికి రెండు వైపులా వాసాలు కట్టి, హూరియ్యాని పడుకోబెట్టి, నెత్తి నుంచి పాదాల దాకా దుప్పటి కప్పారు. నలుగురు మోశారు. ముందు వైపు ముహ్సిన్, దిర్హమ్. నిన్న ఎగతాళి చేసినవాడే ఇవాళ పిలవకుండా వచ్చి భుజం ఇచ్చాడు. జనం అంతే. భుజం అడిగితే ఇస్తారు, నోరు అడిగితే ఇవ్వరు.

గట్ల మధ్య రాతిమెట్లు వాగు దాకా దిగుతాయి. కోతలైపోయిన జొన్నచేలు బోడిగా ఉన్నాయి. మంచం ఒరిగినప్పుడల్లా దుప్పటి కింద నుంచి మూలుగు వినిపిస్తోంది. గాలియా మంచం పట్టె పట్టుకుని పక్కనే నడుస్తోంది. ఒక మలుపులో దుప్పటి కింద నుంచి చెయ్యి బయటికొచ్చి ఆమె వేళ్ళు వెతుక్కుంది.

"అమ్మా, వాగు వచ్చిందా?"

"వచ్చేశాం. నీళ్ళ చప్పుడు వినపడటం లేదూ?"

"అయితే ఇప్పుడు నేను మొగుడింట్లో ఉన్నట్టేగా," అంది హూరియ్యా. ఊపిరి అందటం లేదు, అయినా నవ్వబోయింది. "నాన్న మాట నిజమైంది."

మంచం మోస్తున్న ముహ్సిన్ విన్నాడో లేదో, అడుగు తడబడింది.

సంత దగ్గరి ఆసుపత్రి రెండు గదులు. మంత్రసాని ఇల్హామ్ చిన్నపిల్ల, హూరియ్యా కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. ప్రశ్న వేయలేదు, ఏ ఊరని అడగలేదు, మంచాన్ని లోపలికి తీయించి తలుపు వేసుకుంది. గాలియా లోపలే ఉండి దీపం పట్టుకోమంటే పట్టుకుంది, కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆడపిల్ల పుట్టింది. నీలంగా ఉన్నది కాస్తా నాలుగు దెబ్బలు తిని ఎర్రబడి కేర్‌మంది.

నెత్తురు మాత్రం ఆగలేదు. ఇల్హామ్ గుడ్డలు మారుస్తూ, పొత్తికడుపు పిసుకుతూ, సూది వేస్తూ, తలుపు తీసి అరిచింది. "బండి తియ్యండి! టౌనుకి తీసుకెళ్ళాలి, నెత్తురు ఎక్కించాలి."

బండి వాకిట్లోనే ఉంది. తాళాలు జబ్బార్ అనే గుమాస్తా జేబులో ఉన్నాయి. లేచాడు, జేబులో చెయ్యి పెట్టాడు. అప్పుడు అడిగాడు.

"ఏ ఊరు?"

"జరఫ్," అన్నాడు ముహ్సిన్.

జేబులో చెయ్యి జేబులోనే ఆగింది. "జరఫ్ మా జిల్లా కాదే. బండి ఈ జిల్లా వాళ్ళకి. అవతలి వాళ్ళని ఎక్కించుకుని దారిలో ఏమన్నా అయితే జవాబు నేను చెప్పాలి."

"పిల్ల మీ ఊరి కోడలే. మర్దమ్ హాజీ ఖాయిద్ కోడలు."

జబ్బార్ ముహ్సిన్ మొహంలోకి చూశాడు. "ఖాయిద్ కోడలా? నిన్న రాసేవాళ్ళు వచ్చినప్పుడు ఆయన పక్కన నేనే కూచున్నాను. కోడలు మా ఇంట్లో లేదు, పుట్టింట్లో ఉందని రాయించాడు. మీ ఊళ్ళో రాసుంటారుగా? మీ జిల్లా బండి పిలిపించుకోండి."

ముహ్సిన్ వాగు వైపు, తమ ఊరి వైపు చూశాడు. ఏం చెప్తాడు? మా ఊళ్ళోనూ రాయలేదని చెప్తాడా?

"జబ్బారూ, నీ కాళ్ళు మొక్కుతా," అంది లోపలి నుంచి ఇల్హామ్. మోచేతుల దాకా నెత్తురు.

"నువ్వు మొక్కితే నా ఉద్యోగం నిలుస్తుందా చెల్లీ? ఖాయిద్‌ని వచ్చి, నా ఇంటి మనిషే అని ఒక్క మాట అనమను. ఇప్పుడే తీస్తా బండి."

ముహ్సిన్ ఖాయిద్ ఇంటి వైపు రెండడుగులు వేశాడు. ఆగిపోయాడు. మెడలో నరం మళ్ళీ ఉబ్బింది. ఆ ఆగడం ఎంతసేపో లేదు. గాలియా మాత్రం దాన్ని చచ్చేదాకా మర్చిపోదు. పసిదాన్ని అతని చేతుల్లో కుక్కి, ముసుగు బిగించుకుని తనే పరిగెత్తింది.

హాజీ ఖాయిద్ తన ఇంటి అరుగు మీద, ఎండలో, భోజనం ముందు కూచుని ఉన్నాడు. గాలియా అరుగు కింద నిలబడి రొప్పుతూ చెప్పింది. బిడ్డ పుట్టింది. కోడలు పోయేట్టుంది. ఒక్క మాట.

ఖాయిద్ లొహూహ్ అట్టు తుంచి పెరుగులో ముంచాడు. "నీ పెనిమిటి నలుగురిలో ఏమన్నాడో నాకు చేరింది వదినా. నా కూతురు మర్దమ్‌లో మొగుడింట్లో ఉందన్నాడంట. నా ఇల్లు మొత్తం వెతికాను. పొయ్యి దగ్గర చూశాను, కొట్టంలో చూశాను. ఎక్కడా లేదే!"

"అన్నా, తప్పు మాదే. పొట్టేలూ వద్దు, మర్యాదా వద్దు. లేచి రా."

"ఆ మాట ఆయన్ని వచ్చి చెప్పమను."

గాలియా అరుగెక్కింది. అతని ముందున్న పళ్ళేన్ని రెండు చేతులా ఎత్తి కిందికి విసిరేసింది. పెరుగు మెట్ల మీద చిందింది. కోళ్ళు పరిగెత్తుకొచ్చాయి. ఖాయిద్ కాసేపు ఆ పెరుగుని చూశాడు. లేచి, తలపాగా చుట్టుకున్నాడు. నడుముకి బాకు పటకా కట్టుకున్నాడు. పటకా లేకుండా పెద్దమనిషి సంతలోకి పోడు. కొక్కెం ఒకటి పట్టక రెండుసార్లు సర్దుకున్నాడు.

వాళ్ళు ఆసుపత్రికి చేరేసరికి బండి ఇంజను తిరుగుతోంది. ఖాయిద్ మలుపులో కనపడగానే జబ్బార్ తాళం తిప్పాడు. తాను ఎవరినీ చంపలేదని తర్వాత ఊరందరికీ చెప్పుకున్నాడు. నిజమే. ఎవరూ చంపలేదు.

ఇల్హామ్ గడపలో కూచుని, నెత్తురు చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడ వైపు చూస్తోంది.

సాయంత్రం మంచం మళ్ళీ ఎత్తుతుంటే ఖాయిద్ అడ్డొచ్చాడు. "మా కోడలు. మా గడ్డన పూడుస్తాం."

"నా కూతురు," అన్నాడు ముహ్సిన్.

బతికున్నన్నాళ్ళూ ఇద్దరి ఇళ్ళల్లోనూ లేని పిల్ల చచ్చాక ఇద్దరిదీ అయింది. సంతలో జనం నిలబడి చూశారు. చివరికి ఇల్హామ్ లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా, మంచం తలాపి వైపు వాసం భుజానికెత్తుకుంది. అప్పుడు సిగ్గుపడి మగాళ్ళు అందుకున్నారు. జరఫ్ వైపు నడిచారు. ఖాయిద్ వాగు దాకా వచ్చి ఆగాడు.

"పసిదాన్ని ప్రస్తుతం మీ దగ్గరే ఉంచుకోండి," అన్నాడు. "ఆడపిల్లేగా. పాలు మానాక తీసుకుపోతాం."

*

మూడో రోజు ముహ్సిన్ ఇంటి కింది గదిలో మగాళ్ళు పరామర్శకి కూచున్నారు. ఖాత్ లేదు, కషాయం మాత్రం ఉంది. చదవాల్సినవాళ్ళు ఖురాన్ చదివి ముగించారు. మునీఫ్ మాస్టారు కూడా వచ్చి గుమ్మం పక్కన ముడుచుకు కూచున్నాడు. పని అయిపోయింది. మధ్యాహ్నం బండికి కొండ దిగిపోవాలి. సంచీ భుజానికే ఉంది.

"దేవుడి ఆజ్ఞ," అంటున్నాడు ఆఖిల్ హిజామ్. "రాసిపెట్టి ఉంది."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఎవరో ఆడమనిషి నీళ్ళకి పోతోందనుకుని మగాళ్ళు మర్యాదగా తలలు దించారు. అడుగులు గుమ్మం దగ్గర ఆగలేదు. గాలియా గది మధ్యకి వచ్చి నిలబడింది. మొహానికి ముసుగు లేదు. పాదం మీద బొబ్బ చితికి నల్లబడి ఉంది.

"అమ్మా, పైకి వెళ్ళు," అన్నాడు ఆఖిల్ గాభరాగా. "మగాళ్ళున్నారు."

గాలియా గది చుట్టూ చూసింది. "ఎక్కడ? నాకు గుడ్డలే కనపడుతున్నాయి."

దిర్హమ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"మాస్టారూ, ఆ రాత్రి తర్వాత పోయినవాళ్ళు ఉన్నట్టేనన్నావు. తెర వెనక నుంచి విన్నాను. ఆ మాట నిజమేనా?"

మాస్టారు లేచి నిలబడ్డాడు. "నిజమే తల్లీ."

"అయితే నా పిల్ల ఆ రాత్రి ఉంది. ఈ ఇంట్లో, పైన, నా పక్కన పడుకుంది. రాత్రంతా నా కాలు మీద కాలేసింది. రాయి."

మాస్టారు సంచీ దించి కాగితాల కట్ట విప్పాడు. కలం తీశాడు. "పేరు?"

గాలియా మొగుడి వైపు తిరిగింది. "నేను చెప్పను. లేదన్నది ఆయన. ఉందని ఆయనే అనాలి."

ముహ్సిన్ గోడకానుకుని కూచుని ఉన్నాడు. మూడు రోజుల్లో మనిషి తలపాగా కిందికి కుంగిపోయాడు. పెదాలు కదిలాయి. ఆఖిల్ హిజామ్ అతని మోకాలు మీద చెయ్యి వేశాడు. వద్దని వేశాడో, ఓదార్పుకి వేశాడో. ముహ్సిన్ ఆ చేతిని తీసి పక్కన పెట్టాడు.

"హూరియ్యా," అన్నాడు.

"వినపడలేదు," అంది గాలియా.

"హూరియ్యా. ముహ్సిన్ కూతురు హూరియ్యా. నా కూతురు. ఆ రాత్రి నా ఇంట్లో ఉంది. మిద్దె మీద ఉంది. అబద్ధం చెప్పాను."

మాస్టారు రాస్తున్నాడు. "వయసు?"

"పంతొమ్మిది."

"చదవడం, రాయడం వచ్చా?"

ముహ్సిన్ తెల్లమొహం వేశాడు. అతనికి తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

"వచ్చు," అంది గాలియా. "అలీ బడి పుస్తకాలు దొంగతనంగా చదివి నేర్చుకుంది. మొగుడికి ఉత్తరాలు తనే రాసేది."

"పని?"

"ఏమీ లేదు. ఇంట్లోనే," అన్నాడు ముహ్సిన్ అలవాటుగా.

"నీళ్ళు మోసేది," అంది గాలియా. "గడ్డి మోసేది. ఆవుని మేపేది, పాలు తీసేది, జొన్నలు విసిరేది, రొట్టెలు కాల్చేది, చేలో ఆకు దూసేది. రాయి."

"దానికి గడి లేదమ్మా," అన్నాడు మాస్టారు. అయినా ఏదో రాశాడు. ఏం రాశాడో ఎవరూ అడగలేదు.

గాలియా వెళ్ళిపోయింది. అప్పుడు గది మూల నుంచి ఒక ముసలాయన పాక్కుంటూ వచ్చి మాస్టారి చెవి దగ్గర నోరు పెట్టాడు. ఆయనకి ఆరుగురు ఆడపిల్లలు, మొన్న ఒక్కరినీ చెప్పలేదు. పేర్లు చెప్తున్నాడు. పక్కవాడికి వినపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని చెప్తున్నాడు. మాస్టారు రాసుకున్నాడు. తర్వాత ఇంకెవరైనా వస్తారేమోనని కలం పట్టుకుని కూచున్నాడు. ఒక్కరొచ్చారు. మిగతావాళ్ళు చెప్పులు వెతుక్కున్నారు.

ముహ్సిన్ మెట్లెక్కి పైకి వచ్చేసరికి గాలియా కిటికీ దగ్గర కూచుని పసిదానికి ఆవుపాలు పడుతోంది. శుభ్రమైన గుడ్డ కొస పాలలో ముంచి నోటికి అందిస్తోంది. పిల్ల చప్పరిస్తోంది.

"రాశాడా?"

"రాశాడు."

"పేరు?"

"పేరే. నేను చూశాను." చదవడం రానివాడు చూశానంటున్నాడు.

ముహ్సిన్ పసిదాని పక్కన కూలబడ్డాడు. "దీన్ని కూడా రాయమన్నాను. కుదరదన్నాడు. ఇది ఆ రాత్రికి ఇంకా పుట్టలేదంట. మళ్ళీ రాసేటప్పటికి పదేళ్ళు పడుతుందంట." పసిదాని పిడికిలి పట్టుకుని, "ఉన్నదాన్ని లేదన్నాను. ఇప్పుడు ఉన్నదాన్ని వాళ్ళు లేదంటున్నారు," అన్నాడు.

గాలియా గుడ్డ మళ్ళీ పాలలో ముంచింది.

"ఏడో రోజు పేరు పెట్టాలి," అన్నాడు. "ఏం పెడదాం?"

"ఏదైనా పెట్టు. నువ్వు గట్టిగా పిలవగలిగింది పెట్టు."

కింద సందులో పరామర్శకి వచ్చినవాళ్ళు ఇళ్ళకి పోతున్నారు. ఆఖిల్ హిజామ్, దిర్హమ్, వాళ్ళ వెనక సంచీతో మాస్టారు. గాలియా కిటికీ రెక్కలు రెండూ బార్లా తీసింది. ముహ్సిన్ లేచి కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. సందులోకి చూశాడు. తర్వాత కొండకీ వాగుకీ, వాగవతల జిల్లాకీ వినపడేట్టు గొంతెత్తి పిలిచాడు.

"హూరియ్యా!"

కింద మగాళ్ళు నడక ఆపి తలలెత్తారు. పసిది పాలగుడ్డ వదిలేసి బిక్కమొహం పెట్టింది.

గాలియా అలవాటు కొద్దీ మెట్ల వైపు చూసింది.